మూడో మాట

ఆ అమ్మాయి మొదటిసారి నా గదికి వచ్చింది దెబ్బలాడ్డానికే.

"పొద్దుట్నుంచి నెట్ లేదు. మీరిక్కడ ఈగలు తోలుకుంటూ కూర్చుంటే ఎలా అండీ?" అంది. రిసెప్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి.

మా సర్వర్ రూమ్‌కి ఈగలు కూడా రావు, ఏసీ వల్ల అంత చలి. మండుటెండల్లో స్వెటర్ వేసుకుని కూర్చునేవాణ్ణి ఆఫీసు మొత్తానికీ నేనొక్కణ్ణే.

వెళ్ళి చూద్దును కదా, బల్ల తుడుస్తుంటే ఊడిన కేబుల్ తనే మళ్ళీ పెట్టిందట. కంప్యూటర్‌కి పెట్టాల్సిన కొస కూడా గోడకే పెట్టేసింది. రెండు కొసలూ గోడలోనే ఉంటే పంపిన కబురు గిర్రున తిరిగి అక్కడికే వస్తుంది. తన కంప్యూటరే కాదు, ఆ అంతస్తంతా పడుకుంది. సంగతి చెప్తే నాలిక కరుచుకుంది. నేను ఎంత బిగబట్టినా నవ్వొచ్చేసింది, తనూ నవ్వేసింది. ఆఫీసులో నాతో కలిసి ఎవరైనా నవ్వడం అదే మొదలు.

అక్కడ నా పేరు ఎవరికీ తెలీదు, 'నెట్టబ్బాయి' అంటారు. నెట్ పోతే పదిమంది పిలుస్తారు, ఉంటే ఒక్కడూ పలకరించడు. అద్దె గదికి పోతే ఒక కంచం, ఒక గ్లాసు, నేను. అక్క ఫోన్ చేసి, ఇవాళ ఎవరితోనైనా మాట్లాడావురా అనడిగితే చాలామందితో అనేవాణ్ణి. వాళ్ళంతా నెట్ లేదనే అన్నారని మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

కొన్నాళ్ళకి తనే మళ్ళీ వచ్చింది. వేరే ఊళ్ళో కొత్త బ్రాంచ్ పెడుతున్నారట, నెట్‌వర్కింగ్ బేసిక్స్ పరీక్ష పాసైతే అక్కడ టెక్నికల్ ఉద్యోగం ఇస్తారట, కాస్త నేర్పమంది. వాళ్ళ నాన్న కుట్టుమిషన్ తొక్కి తనని చదివించాడు. ఫోన్లెత్తుతూ జీవితం గడపలేనంది.

నేర్పితే పాసవుతుంది, పాసైతే వెళ్ళిపోతుంది. అది నాకు మొదటిరోజే తెలుసు. అయినా నేర్పాను. రోజూ లంచ్ టైమ్‌లో ఒక మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటానంటే కాదనే గుండె నాకెక్కడిది?

కంప్యూటర్లని కలిపే పెట్టెల్లో, హబ్ అంటే ఒకరి చెవిలో వేసింది వీధంతా చాటే పిన్ని, స్విచ్ అంటే ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పే పిన్ని అన్నాను. మా పిన్ని హబ్బే అంది ఠక్కున. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరం గమనించలేదు. కంప్యూటర్‌కిచ్చే ఐపీ అడ్రస్ లాడ్జిలో గది లాంటిది, వచ్చినవాళ్ళకి ఖాళీగా ఉన్నది ఇస్తారన్నాను. మరి వాళ్ళు వెళ్ళిపోతే అని అడిగింది. ఇంకొకరికి ఇచ్చేస్తారన్నాను. అంత తేలిగ్గానా అంది. నేను అన్నం డబ్బా సగంలోనే మూసేశాను.

రిజల్ట్ వచ్చిన రోజు బయట వాన. తడిసిన జుట్టుతో పరిగెత్తుకొచ్చి పాసయ్యానంది. అభినందనలు చెప్దామనే నోరు తెరిచాను.

"నువ్వెళ్ళిపోతే నాకేం తోచదు," అనేశాను.

తను నా వంకే చూసింది. "నాకు మాత్రం తోస్తుందా?"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పై అంతస్తులో నెట్ లేదట. బుద్ధున్నవాడెవడైనా ఫోన్ పక్కన పడేస్తాడు. నేను బ్యాగ్ తగిలించుకుని పరిగెత్తాను, అలవాటు అలాంటిది మరి. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

ఏదో మర్యాదకి అని ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తను లంచ్‌కి రావడం మానేసింది. రిసెప్షన్ ముందు నుంచి వెళ్ళలేక నేను వెనక మెట్లెక్కడం మొదలెట్టాను. వారమంతా ఒక్కణ్ణే డబ్బా తెరిచి, ఒక్కణ్ణే మూసేశాను. ఒంటరితనం నాకు కొత్తేం కాదు గానీ, అంత కష్టంగా ఎప్పుడూ లేదు.

మా ఆఫీసులో తన చివరి రోజున తలుపు తట్టి లోపలికొచ్చింది. కూర్చోలేదు.

పరీక్షలో ఒకటి తప్పు రాశానంది. రెండు కంప్యూటర్లు గట్టి కనెక్షన్ పెట్టుకోవాలంటే ముందు ఎన్ని కబుర్లు నడవాలన్నది ప్రశ్న. ఒకటి పిలుస్తుంది, ఇంకోటి పలుకుతుంది, రెండే కదా అంది.

"మూడు," అన్నాను. పాఠం అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. "పలికినదానికి, తన మాట అవతలికి చేరిందో లేదో ఎలా తెలుస్తుంది? 'అందింది' అని మొదటిది మళ్ళీ చెప్పాలి. అదే మూడో మాట. అది చెప్తేనే కనెక్షన్."

"చెప్పకపోతే?"

"రెండోది అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. కొంతసేపు చూసి వదిలేస్తుంది."

"కొంతసేపంటే ఎంత?"

గొంతు తేడాగా ఉందేమిటా అని తలెత్తాను. కళ్ళనిండా నీళ్ళు.

"నేను పలికి వారమైంది," అంది.

అప్పటికి ఎక్కింది నా మట్టిబుర్రకి. స్వెటర్‌లోనే చెమటలు పట్టాయి.

"అందింది," అన్నాను. "ఆ రోజే అందింది. భయమేసి చెప్పలేదు. నువ్వంటే నాకు ప్రాణం. వెళ్ళొద్దనను, వెళ్ళు. సెలవు దొరికినప్పుడల్లా నేనే వస్తాను."

తను కళ్ళు తుడుచుకుని అప్పుడు కూర్చుంది.

"ఇదే మాట మా నాన్నతో చెప్పాలి," అంది. "కాస్త గట్టిగా చెప్పు. ఆయనకి ఒక చెవి సరిగా వినబడదు."