గుట్ట మీది గొంతు

హనుమండ్లు గుట్ట మీంచి జారిపడి చనిపోలేదు. చంపి, తర్వాత పడేశారు. మెడ చుట్టూ సన్నని తీగ ఒరుసుకున్న గుర్తు ఉంది. అతను మంచిర్యాల దగ్గరి గుట్ట మీద పోలీసు రిపీటర్ ఆపరేటర్. రిపీటర్ గదిలోంచి పోయింది ఒక్కటే, వేలెడంత స్పేర్ రీడ్.

1965 సెప్టెంబర్. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. కరీంనగర్ ఆఫీసులో చీఫ్, ఏజెంట్ లక్ష్మీరాజానికి ఓనమాల నుంచి పాఠం చెప్పాడు. గూఢచారికి ఆ పేరేమిటని నవ్వకండి. ఆ పేరున్నవాణ్ణి అనుమానించే శత్రువు ఇంకా పుట్టలేదు.

చేతిలోని వాకీటాకీ మాట నాలుగు మైళ్లు పోతే గొప్ప. గుట్ట మీది రిపీటర్ ఆ మాటను ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో నలభై మైళ్ల దాకా వినిపిస్తుంది. అయితే పిలిచిన ప్రతివాడికీ పలకదు. మాట కింద చెవికి ఆనీ ఆనని టోన్ ఒకటి ఉండాలి. దాన్ని పుట్టించేదే రీడ్, హార్మోనియం లోపలి రేకు లాంటిది. అదిప్పుడు శత్రువు చేతిలో ఉంది. దాంతో ఒక దొంగ గొంతు మన గుట్ట మీదుగానే పలుకుతోంది.

గుట్ట మీద రీడ్ మార్చేస్తే పోదా అన్నాడు లక్ష్మీరాజం.

"మారిస్తే వాళ్లు నోరు మూసుకుంటరు. మనకు మనిషి గావాలె."

అక్కడి బొగ్గు గనుల కాలనీలో మన ఏజెంట్ షీలా నెల రోజులుగా కార్మికుని భార్య వేషంలో ఉంది. లక్ష్మీరాజం రేడియో లైసెన్స్ ఇన్‌స్పెక్టర్‌గా వెళ్లి ఆమె తలుపు తట్టాడు. కోడ్ మాటకు బదులు మాట వచ్చింది. ముతక చీర కూడా ఆ అందాన్ని దాచలేకపోయింది. దొంగ గొంతు ఖానాపూర్ అడవి నుంచి వస్తోందని చెప్పింది. నమ్మబుద్ధేసింది కూడా.

మర్నాడు పొద్దున పదిన్నరకు, కాలనీ క్వార్టర్ల వరుసలో తిరుగుతున్న అతని సెట్‌లో గుసగుస వినిపించింది. "సామాను బండి వస్తుంది. నేను 'గంగ నిండింది' అంటే, దాని తర్వాత వంతెన మీదికొచ్చే మొదటి బండిని లేపు."

 ఆ గూడ్సు రైలు నిండా సైన్యానికి పోయే మందుగుండు. గోదావరి రైలు వంతెన కావలి పోలీసులను హెచ్చరించాలన్నా దారి ఆ గుట్టే. వంతెన కింద పేలుడు తీగలతో కూర్చున్నవాడూ అది వింటాడు.

గుట్ట పలికే ఫ్రీక్వెన్సీలో ఎవరి గొంతైనా ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. లక్ష్మీరాజం సెట్‌ను గుట్ట వినే ఫ్రీక్వెన్సీకి తిప్పాడు. అక్కడ దగ్గరివాడి గొంతే వినిపిస్తుంది. అదే గుసగుస మళ్లీ వినిపించింది, చెవులు పగిలేలా. అంటే మనిషి ఈ వరుసలోనే! నలభై క్వార్టర్లు. అన్నీ ఒకే తీరు తలుపులు.

అతను గని మేనేజర్‌కు ఫోన్ చేసి సైరన్ మోగించమన్నాడు. ఇది షిఫ్టు వేళ కాదే, ఎవరికేమైందని మేనేజర్ అడిగాడు. ఎవరికీ ఏమీ కాకూడదనే అన్నాడు లక్ష్మీరాజం.

వేళ కాని వేళ సైరన్ మోగితే గని లోపల ప్రమాదం జరిగినట్టే. తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పిండి చేతులతో, తడి తలలతో ఆడవాళ్లు గని వైపు పరుగెత్తారు. షీలా పక్కింటి సమ్మవ్వ గుండెలు బాదుకుంటూ పోయింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఒక్క తలుపు తెరుచుకోలేదు. షీలాది.

పట్టాల మీద సామాను బండి కాలనీ దాటుతోంది. కిటికీలోంచి చూస్తే ఆమె సెట్ నోటికి ఆనించుకుని ఉంది. "గంగ..."

లక్ష్మీరాజం తన సెట్ మీట నొక్కాడు. ఒకేసారి రెండు సెట్లు పలికితే గుట్టకు ఏ మాటా అర్థం కాదు. కీచుమనే మోతే బయటికి పోతుంది. బొటనవేలు తియ్యకుండా భుజంతో తలుపు విరగ్గొట్టాడు. పిస్తోలు అందుకోవాలంటే షీలా సెట్ వదలాలి. వదిలింది. అతని బూటు రెంటినీ మూలకు తన్నింది.

పావుగంట గడిచాక వంతెన కావలి కానిస్టేబుల్ గొంతు మామూలుగా పలికింది: సామాను బండి దాటింది. వంతెన కిందివాణ్ణి మధ్యాహ్నానికల్లా పట్టుకున్నారు.

"ఎట్ల తెలిసింది?" అంది షీలా, సంకెళ్లు చూసుకుంటూ.

"నీ మొగడు గనిలున్నడని మరిచినవు."

అంతలో ఆడవాళ్లు తిరిగొచ్చారు. సమ్మవ్వ చేతిలో చీపురు ఉంది. "ఉత్తగనే సైరన్ కొట్టిచ్చినోడు ఎవడు?" అని ఇన్‌స్పెక్టర్‌నే అడిగింది.

పిస్తోలుకు బెదరని ఏజెంట్ లక్ష్మీరాజం, మేనేజర్ ఆఫీసు వైపు వేలు చూపించి జీపెక్కాడు.