వరుసలోంచి తీసేసిన బండి

“నా బండిని వరుసలోంచి తీసేయడానికి నువ్వెవడివిరా?”

నాన్న కేకకి మైదానంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పాతకార్ల క్లబ్బు వార్షిక సమావేశం అది. ముప్పై కార్లు తళతళలాడుతూ ఊరేగింపుకి సిద్ధంగా ఉన్నాయి. జీవితమంతా బస్సు నడిపి, ఒక్క ప్రమాదమైనా చేయకుండా రిటైరైన మనిషి ఆయన! తన నీలం కారుని అద్దంలా తుడుచుకుని వస్తే, క్లబ్బు కార్యదర్శిగా ఉన్న ప్రాణస్నేహితుడు, మెకానిక్, “ఈసారికి వద్దురా...” అంటూ తల దించుకున్నాడు.

“నా బండి పక్కన నీ డొక్కు వెలవెలబోతుందని కడుపుమంట! ఒక్క కంచంలో తిన్నాం కదరా... ఇంత విషం పెట్టుకున్నావా?”

“కార్యదర్శి పెత్తనం ఎక్కువైంది. దిగిపోవాల్సిందే!” అని నలుగురు నాన్న పక్కన చేరారు.

జనంలో నిలబడ్డ కూతురి ప్రాణం గిలగిలలాడింది. తప్పంతా తనదే...! పోయిన వారం ఆమె కారులో నాన్న పక్కన కూర్చుని ఉండగానే, రోడ్డు దాటుతున్న ముసలావిడ కారుకి జానెడు దూరంలో తప్పుకుంది. నాన్న కాలు బ్రేకు మీదికే పోలేదు. ఆయనకి ఆవిడ కనపడనే లేదు! చూపు తగ్గిందంటే ఒప్పుకోడు, డాక్టరు దగ్గరికి రాడు. దిక్కుతోచక ఆమె మెకానిక్ చేతులు పట్టుకుని ఏడ్చింది. “ఎలాగైనా ఆపు బాబాయ్! నేను చెప్పానని తెలిస్తే నాన్న నా మొహం చూడడు!” “నీ పేరు రానివ్వనులేమ్మా” అన్నాడాయన. ఆ మాట కోసమే ఇప్పుడిన్ని మాటలు పడుతున్నాడు...

“ఇక నీ గడప తొక్కితే ఒట్టు!” నాన్న కారెక్కి తలుపు ధడాలున వేసుకున్నాడు.

“నాన్నా, ఆగు!” ఇంజను మోతలో ఆమె అరుపు కలిసిపోయింది. పరుగెత్తి కారుకి ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడింది. నాన్న తిన్నగా ఆమె వైపే చూస్తున్నాడు... కారు కదిలింది!

“ఒరేయ్! ముందు పిల్ల ఉందిరా!” మెకానిక్ గావుకేక పెట్టాడు.

కారు కీచుమంటూ ఆగింది. బంపరు మోకాలికి తగిలి ఆమె కూలబడింది.

నాన్న బానెట్ తడుముకుంటూ వచ్చాడు. “ఎంతసేపట్నుంచి నిలబడ్డావే... అక్కడ?”

“నువ్వు కదిలించక ముందునుంచీ నాన్నా! బాబాయిని ఏమీ అనకు. నిన్నాపమని కాళ్లావేళ్లా పడింది నేనే...!”

నాన్న స్నేహితుడి భుజం వెతికి పట్టుకున్నాడు. “అన్నేసి మాటలన్నానే... నోరు తెరిచి చెప్పొచ్చు కదరా!”

“చెబితే పిల్లని తిడతావు. నన్నంటావా, నాకు అలవాటేగా!” మెకానిక్ నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు.

ఊరేగింపు వాళ్లని దాటి వెళ్లిపోయింది. మెకానిక్ నీలం కారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ కారులో వెనక సీటు ఎక్కడం నాన్నకదే మొదటిసారి. “ఇక్కడేనా తగిలింది?” అని కూతురి మోకాలు నిమిరి, ఇల్లు చేరేదాకా చెయ్యి తీయలేదు.