పక్కన పెట్టిన పని

"కామన్ సిస్టమ్‌లో నా స్టాష్ ఏమైంది?"

ఆమె గొంతు పెంచలేదు. అందుకే అతనికి మరింత భయమేసింది.

బస్సుల రాకపోకలు చెప్పే యాప్ తయారుచేసే ఆఫీసు అది. పరీక్షలన్నీ కిటికీ పక్కనున్న ఆ సిస్టమ్ మీదే. ఒకరి పని సగంలో ఉండగా ఇంకొకరికి అవసరం పడితే, ఆ సగం పనిని స్టాష్‌లో పక్కన పెట్టి లేస్తారు. పొద్దున ఆమె తన పనిని అలాగే పక్కన పెట్టింది, అతని కోడ్‌లో తప్పు వెతకడానికి. కాఫీ చల్లారేలోపు పట్టేసింది కూడా.

ఆ ఆనందంలో, ఆమె మెప్పు కోసం, అతను సిస్టమ్‌ని శుభ్రం చేశాడు. స్టాష్‌లో ఉన్నదంతా తన పాత చెత్తే అనుకుని ఒక్క కమాండ్‌తో ఊడ్చేశాడు. టీమ్‌లో అతన్ని తొందరబాబు అనడం ఊరికే కాదు.

"సిస్టమ్ రీస్టార్ట్ అయిందేమో," అన్నారెవరో.

తప్పించుకోవడానికి దారి దొరికింది. కానీ ఆమె ముఖం చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

"నేనే అండీ. క్లియర్ కొట్టేశాను."

"మొత్తమా?"

"మొత్తం."

ఆమె కళ్లు మూసుకుంది. పోయింది మామూలు పని కాదు. వచ్చే బస్సు నంబరును చూపు లేనివాళ్లకు పైకి చదివి వినిపించే భాగం. ఆమె నాన్నగారికీ చూపు లేదు; మధ్యాహ్నం ఆయనతో బస్టాప్‌లోనే పరీక్ష. నెగ్గితేనే కొత్త వెర్షన్‌లో దానికి చోటు.

"తిట్టండి," అన్నాడు.

"తీరిక లేదు. కుర్చీ లాక్కుని కూర్చోండి. ఏదీ ముట్టుకోకండి."

"పోయింది కదండీ?"

"మీరు చెరిపింది దారి చూపే గుర్తుల్ని. కోడ్ ఇంకొన్నాళ్లు లోపలే ఉంటుంది. గుర్తులు తెగిపోయిన ముక్కలన్నీ బయటికి లాగుదాం."

తెర నిండా అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడవాటి పేర్లు. ఒక్కోదాన్నీ తెరిచి చూసి పక్కకు నెడుతోంది. కంగారు లేదు, విసుగు లేదు. చిక్కుపడ్డ దారం విప్పుతున్నంత ఓపిక. తనకే ఇలా జరిగి ఉంటే ఈపాటికి కీబోర్డు విరిగేది. ఇంత అందమైన ఏకాగ్రతను అతను ఎవరిలోనూ చూడలేదు.

"దొరికింది!"

ఆ నవ్వు చూసి అతని గుండె ఒకచోట నిలవలేదు.

మధ్యాహ్నం వాళ్లు బస్టాప్ చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. గొడుగంతా తండ్రీకూతుళ్లకే పట్టి అతను హాయిగా తడుస్తున్నాడు. ఆమె ఫోన్ వచ్చే బస్సు నంబరును పైకి చదివింది. కాసేపటికి బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లని అడిగి నంబరు సరిచూసుకుని నాన్నగారు పొంగిపోయారు.

"భలే చేశావమ్మా! మరి పొద్దున పోయిందన్నావే?"

"ఈయనే ఊడ్చేశారు నాన్నా. వెంటనే ఒప్పుకున్నారు కూడా. లేకపోతే ఇంకా ఎక్కడెక్కడో వెతుక్కుంటూ ఉండేదాన్ని."

"మీ అమ్మాయిలాంటి మనిషిని నేను చూడలేదండీ," అన్నాడతను. "ఇంకొకరైతే నన్ను నమిలేసేవారు. నాకు... నాకు ఆవిడంటే చాలా ఇష్టమండీ."

అనేసి నాలుక్కరుచుకున్నాడు. ఆమె చప్పున వానవైపు తిరిగిపోయింది.

"ఏమ్మా, రోజూ భోజనాల దగ్గర నువ్వు చెప్పే అబ్బాయి ఇతనేనా?"

"నాన్నా!"

అతనికి జవాబు దొరికిపోయింది. ఆమె మెల్లగా ఇటు తిరిగి అతని కళ్లలోకి చూసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ చూపు దించుకోలేదు.

ఫోన్ మళ్లీ పలికింది. వాళ్లింటివైపు వెళ్లే బస్సు వచ్చేస్తోందట.

"ఎక్కుదామా నాన్నా?" అంది, కదలకుండానే.

"ఇది వెళ్లనీ అమ్మా," అన్నారాయన, బెంచీ తడుముకుని కూర్చుంటూ. "తర్వాతి బస్సు ఎప్పుడో కూడా నీ ఫోనే చెబుతుందిగా."