గేర్‌బాక్స్ ఎక్కని రాత్రి

ఆ పెరటి రేకుల షెడ్డుకి పేరు మంచిది కాదు. రాత్రి పన్నెండు దాటితే లోపల పానా చప్పుడు వినిపిస్తుందని వీధిలో అందరూ అంటారు. టక్... టక్... కాసేపు ఆగి, మళ్ళీ టక్. ఆ ఇంటాయన పాత మెకానిక్. అక్కడే ఒక లారీ కింద పడుకుని పనిచేస్తూ, గుండె ఆగి పోయాడట. పని సగంలో వదిలి పోయినవాడు ఊరికే పోతాడా... అని వాళ్ళ అనుమానం.

ఆ మెకానిక్ కూతుర్నే చేసుకుని, ఆ ఇంట్లోనే ఉంటున్నాడు మన డ్రైవరు. పెళ్ళి కుదరకముందే మామగారు పోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. దెయ్యం మాట ఎవరైనా ఎత్తితే డ్రైవరు నవ్వేసేవాడు. "ఉంటే మంచిదేగా, పానాలు అందిస్తాడు" అనేవాడు.

ఆ నవ్వు ఈ రాత్రి వరకే.

లారీ క్లచ్ అరిగిపోయింది. చూస్తే, చెల్లెలు అద్దె ఇల్లు మర్నాడు పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చెయ్యాలి. లేకపోతే సామాను వీధిలో పడేయిస్తానన్నాడు ఇంటివాడు. "అన్నయ్యా, లారీ తెస్తావుగా?" అని ఆ పిల్ల మూడుసార్లు ఫోన్ చేసింది. "తెస్తానన్నానుగా!" అని మూడోసారి కసిరాడు.

మధ్యాహ్నమే గేర్‌బాక్స్ దించాడు. కొత్త క్లచ్ ప్లేటు బిగించాడు. అంతవరకు బాగానే ఉంది. తిరిగి ఎక్కించడం దగ్గరే మొదలైంది అసలు గోల. జాకీ మీద ఆ ఇనప దిమ్మని లేపుతాడు, తోస్తాడు... ఇంజనుకి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోతుంది. దించుతాడు, ప్లేటు సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూస్తాడు, మళ్ళీ లేపుతాడు, తోస్తాడు... మళ్ళీ అదే రెండు వేళ్ళు.

రాత్రి ఎనిమిదింటికి భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, నేనో చెయ్యి వెయ్యనా? చిన్నప్పుడు నాన్న దగ్గర—"

"మీ నాన్న ఊసెత్తకు! వెళ్ళి పడుకో. మళ్ళీ ఈ షెడ్డులో కాలు పెట్టావంటే ఊరుకోను."

ఆమె వెళ్ళిపోయింది. అనకుండా ఉండాల్సిందని అతనికీ అనిపించింది. కానీ వెనక్కి పిలవలేదు.

పన్నెండు దాటింది. మోచేతులు దోక్కుపోయాయి. కళ్ళలో మట్టి రాలింది. పదిహేడో నంబరు పానా మూడోసారి కనబడకుండా పోయింది. ఏడుపొచ్చేంత చిరాకు. "ఛీ... నా బతుకు!" అని లారీ కింద పడుకున్నచోటు నుంచే చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. నొప్పెట్టింది కాలికే.

అప్పుడు వినిపించింది.

టక్...

ఊపిరి బిగబట్టాడు. దీపం ముందువైపు వేలాడుతోంది. లారీ వెనక భాగమంతా చీకటి. మళ్ళీ ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత, చెవికి జానెడు దూరంలో... ముసలి గొంతు... గుసగుసగా—

"గేర్లో వెయ్యి, అల్లుడూ..."

పాక్కుంటూ పారిపోదామనుకున్నాడు. కానీ మొహం ముందు గేర్‌బాక్స్, తెల్లారితే వీధిలో చెల్లెలు. భయం మీద చిరాకే గెలిచింది. "వేస్తా... వేస్తే ఎక్కుతుందా?" అని పళ్ళు కొరుకుతూ గేర్ రాడ్ ముందుకు నెట్టాడు. కటక్‌మని పడింది.

అంతే... గేర్‌బాక్స్ వెనక కొసన ఉన్న ఇనప బిళ్ళ, చీకట్లో, దానంతటదే మెల్లగా తిరిగింది. కొంచెం... ఇంకొంచెం... లోపల పళ్ళు పళ్ళలో కూర్చున్నాయి. రోజంతా మొండికేసిన దిమ్మ మెత్తగా జారి, ఇంజనుకి అతుక్కుంది. చెల్లెలి సామాను ఇక వీధిన పడదు.

రెండు బోల్టులు ఎక్కించి, బయటికి దొర్లాడు. లారీ వెనకాల ఎవరో కూర్చుని ఉన్నారు. టార్చి వేశాడు.

భార్య. మోచేతుల దాకా గ్రీజు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు అతనికి. "నువ్వా! ప్రాణం పోయిందే తల్లీ... ఎప్పుడొచ్చావు?"

"అరగంటైంది. ఇదిగో మీ పదిహేడో నంబరు. చీకట్లో కాలికి తగిలి చప్పుడైంది కూడా, తిడతారేమోనని చచ్చాను." పానా చూపించింది. "చిన్నప్పుడు నాన్నకి కూడా ఆ బిళ్ళ నేనే తిప్పేదాన్ని, ఇప్పుడు తిప్పినట్టే. గేర్లో ఉంటేగానీ, తిప్పినా లోపలి పళ్ళు కదలవు. నోరు తెరిస్తే తరిమేస్తారాయె, ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. అంతలో మీకే గుర్తొచ్చి వేశారు."

"గుర్తు రావడమేంటి! నువ్వే చెప్పావుగా... ముసలాయనలా గొంతు మార్చి, అల్లుడూ అని!"

ఆమె చేతిలోని పానా జారి నేల మీద పడింది.

టక్.

"నేను నోరే తెరవలేదండీ..." అంది. ఆమె చూపు లారీ కిందనే ఉంది. అందులో భయం లేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"ఇంకొక్కసారి చెప్పండి... నాన్న మిమ్మల్ని ఏమని పిలిచాడు?"