సీ డ్రైవ్‌లో మాయమైన ఫోల్డర్

"సయీదాను నమ్మకు. డబుల్ ఏజెంట్."

"ఆ రిపోర్టు రాసిందే నేను కద సార్," అన్నాడు ఏజెంట్ ఖయ్యూం.

1999 ఏప్రిల్. కామారెడ్డి బస్టాండు వెనక జిరాక్స్ దుకాణం. అదే రహస్య శాఖ బ్రాంచి ఆఫీసు. కౌంటర్ దగ్గర కూర్చున్న ఆశన్నే చీఫ్.

"విక్టర్ అనే విదేశీ ఏజెంటు ఎల్లారెడ్డిల ఆమె ఇంట్ల దిగిండు. వాని ఫ్లాపీల దుబాయిల మనకు పనిచేసే పదకొండు మంది పేర్లున్నయి. ఇయ్యాల నాలుగింటికి మోడెమ్‌తోని పంపుతడు. పంపిండంటే అందరు ఖతం. నాలుగు దాటితే అవతల లైన్ బంద్."

పదకొండో పేరు గౌస్. ఖయ్యూం సొంత తమ్ముడు.

"రెయిడ్ చేద్దాం సార్."

"ఆర్డర్ అయిదింటికి వస్తదట."

"పిస్టల్?"

"ఇండెంట్ పెట్టినం. ఇంక రాలె. వాడు మోడెమ్ బిగించనీకి మెకానిక్‌ను పిలిచిండు. నువ్వే పో."

ఏం శాఖరా బాబూ ఇది!

ప్లాన్ ఒక్కటే. కొత్త మోడెమ్ పెడితే విండోస్ తన సీడీ అడుగుతుంది. ప్రతి ప్రింటర్‌కూ సీడీ పట్టుకుని గంటన్నర బస్సులో ఎవడు పోతాడని, ఇక్కడి మెకానిక్‌లు కంప్యూటర్ అమ్మిన రోజే ఆ సీడీలోని సెటప్ ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి పెడతారు. ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే మోడెమ్ పనిచేయదు. ఖయ్యూం సీడీని కామారెడ్డిలోనే వదిలి, దొంగ మీసం అంటించుకుని బస్సెక్కాడు.

తలుపు తీసింది సయీదా. అత్తరు, నల్ల కళ్లద్దాలు, తొణకని నవ్వు. ఆమె వెనక పిస్టల్‌తో విక్టర్.

"స్క్రూలు నువ్వు బిగించు. మౌస్ నాది," అన్నాడు వాడు హిందీలో.

ప్లాన్ గంగలో కలిసింది.

3:57. విండోస్ సీడీ అడిగింది. విక్టర్ నవ్వి, సీ డ్రైవ్‌లోని ఫోల్డర్ పేరు టైప్ చేశాడు. ఖయ్యూం కళ్లు మూసుకున్నాడు. గౌస్, మాఫ్ చెయ్ రా!

ఫైల్ దొరకలేదు.

మళ్లీ కొట్టాడు. దొరకలేదు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ. నాలుగు దాటింది.

"నేనే తీసేసిన," అంది సయీదా. "పాటలకు జాగ సరిపోతలేదు."

విక్టర్ పిస్టల్ పిడితో ఆమె ముఖం మీద కొట్టాడు. ఆ క్షణంలోనే ఖయ్యూం సీపీయూ మూత ఎత్తి వాడి నెత్తిన వేశాడు. విక్టర్ కూలబడ్డాడు. ఖయ్యూం దొంగ మీసం ఊడిపడింది.

ఆమె పెదవి నెత్తురు తుడుచుకుంది. "మీ ఆఫీసుకు మూడు నెలల సంది ఖత్‌లు రాస్తున్న భాయ్. ఒక్కదానికి జవాబు లేదు."

అయిదింటికి ఆర్డర్ వచ్చింది, దానితో చీఫ్ జీపూ వచ్చింది. విక్టర్‌కూ సయీదాకూ బేడీలు వేశారు.

"సార్, కాపాడింది ఆమెనే!" ఖయ్యూం అరిచాడు.

"రుజువేది? లేని ఫోల్డర్‌ను కోర్టుల పెట్టాల్నా? నీ రిపోర్టు మారిస్తే శాఖ పరువు పోతది," అన్నాడు చీఫ్.

సయీదా ఖయ్యూం వైపు చూడనైనా లేదు. అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నెల తిరక్కుండా ఖయ్యూంకు ప్రమోషన్ వచ్చింది. మనుషులను సరిగ్గా అంచనా వేసినందుకు, అని ఆర్డర్‌లో రాశారు.