చీమలు పట్టని బోను

చిన్నతల్లి ఏడుస్తూనే వచ్చి ఉమామహేష్ ఆఫీసు గుమ్మంలో కూలబడింది. చోడవరం బస్టాండు ఎదుట ఉన్న ఆ ప్రైవేటు డిటెక్టివ్ దగ్గరికి నవ్వుతూ వచ్చినవాళ్ళను అసిస్టెంటు శాలోమి ఇంతవరకూ చూడలేదు.

"పది ఎలకల్ని నీల్లెట్టకుండా సంపేసేనంటన్నారు బాబూ! రేపు పోలీసులకి అప్పగిస్తారట. నాను రోజూ సీసాలు నింపేనండి!"

ఊరి చివర మందుల పరిశోధన కేంద్రంలో ఎలుకలకు మేత పెట్టే మనిషి ఆమె. షుగరుతో మొద్దుబారిన నరాలకు అక్కడో మందు పరీక్షిస్తున్నారు. సూది వేసి షుగరు తెప్పించిన ఎలుకల్లో పదింటికి మందు, పదింటికి వట్టి నీళ్ళు. ఏ జబ్బూ లేని మరో పది విడిగా ఉంటాయి. పదిహేను రోజుల కిందట చచ్చినవి ఆ జబ్బు లేని పదేనట.

"మందు పనిచేసిందా?" అన్నాడు ఉమామహేష్.

ఆమె ముఖం విప్పారింది. "బాగా సేసింది బాబూ. ఆ బోనుకి సీమలు కూడా మానేసేయి. మా ఆయనకీ ఇదే రోగమండి. సెరుకు మోడు అరికాల్లో దిగినా తెలీనేదు."

భర్త పరదేశి గోవాడ వైపు చెరకు కొట్టే కూలి.

కేంద్రంలో సైంటిస్టు ఉదయ్‌కుమార్ స్వయంగా పరీక్ష చూపించాడు. నీళ్ళు తాగిన ఎలుక వేడి పలక మీద పాదాలు కమిలిపోతున్నా కదలకుండా నిలబడింది. మందు తాగినది చటుక్కున ఎగిరి గెంతింది. శాలోమి కళ్ళు మూసుకుంది.

"చూశారా? స్పర్శ తిరిగొచ్చింది."

"షుగరూ తగ్గిందా?"

"లేదండీ. ఇది నరాలకే. షుగరు జోలికి పోదు."

ఉమామహేష్ వంగి చూశాడు. నీళ్ళ ఎలుకల ఊక ఉచ్చతో తడిసి, చీమలు బారులు కట్టాయి. మందు ఎలుకల ఊక పొడిగా ఉంది. ఒక్క చీమ లేదు.

డైరెక్టరు రేవతినీ చిన్నతల్లినీ అక్కడికే పిలిపించాడు. "మేడమ్, ఈ మందు ఎలుకకి షుగరు చూడండి."

తోక కొసన చుక్క నెత్తురు తీసి రేవతి మీటరుకు అంటించింది. తొంభై ఆరు.

"వీటికి షుగరు ఎప్పుడూ లేదు," అన్నాడు ఉమామహేష్. "బోను మీది చీటీ ప్రకారం ఆ చావులు మందు మొదలెట్టిన పదో రోజున; చచ్చినవి మందు తాగిన అసలు ఎలుకలు. ఈయన జబ్బు లేనివాటి తోకలకు మందు గుర్తు పసుపు రంగు పూసి ఇందులో వేశాడు. చచ్చినవాటిని ఆ జబ్బు లేనివాటి బోనులో పడేసి, నీళ్ళ సీసాలు ఒంపేసి, పాపం ఈమె నెత్తిన రుద్దాడు."

"ఎలుకలేగా!" అన్నాడు ఉదయ్‌కుమార్. చీమ కుట్టినట్టయినా లేదు. "వచ్చే నెల మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చేది."

శాలోమికి తన డిటెక్టివ్‌ను చూస్తే గర్వంతో ఒళ్ళు పొంగింది. "గట్టెక్కేసేవమ్మా!" అంటూ చిన్నతల్లి భుజం పట్టుకుంది.

చిన్నతల్లి ఆ పసుపు తోకలనే చూస్తోంది.

"అవి గెంతుతుంటే సూసి... సీసాడు మందు అట్టుకెల్లిపోయేను బాబూ. మా ఆయనకి తాగిస్తన్నాను."

"ఎన్నాళ్ళయింది?" ఉమామహేష్ గబుక్కున ఆమె వైపు తిరిగాడు.

"ఇయాల్టికి పది రోజులు. పొద్దున్న లేపితే లెగనేదు. నీరసంగుంది కావాల, తొంగోనీ అని వచ్చేసేను."