అడగకుండా తీసిన పళ్ళు

ఆ ఉదయం కహు పాలలో నానిన గోధుమ బిస్కెట్ల గిన్నెను రెండోసారి పక్కకు నెట్టేసింది. ఐదేళ్ళ పిల్ల. కుడి బుగ్గ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"ఒక్క చెంచా, నా బంగారం కదూ," అంది అమ్మమ్మ నైరీ.

"వద్దు. పన్ను కోప్పడుతుంది."

నైరీకి డెబ్బై ఆరేళ్ళు. పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా ఊరి కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపాలని రాజధాని వెల్లింగ్టన్ నుంచి ఆజ్ఞ వచ్చింది. దాని మీద ఆ మధ్యాహ్నమే కౌన్సిల్ హాల్లో సభ. వద్దని మాట్లాడడానికి ఆమె మూడు రోజులుగా ఒక కాగితం మీద రాస్తూ, కొట్టేస్తూ ఉంది.

ఫోన్ మోగింది. కివీ పళ్ళు సర్దే షెడ్డులో పనికి బయల్దేరుతున్న కూతురు, కహు తల్లి రీపెకా ఎత్తింది. ఆస్పత్రి వాళ్ళు. ఎవరో పిల్లాడు రాలేకపోయాడట, కహు వంతు ఇవాళే. ఏడు నెలలుగా ఎదురుచూస్తున్న పిలుపు. మత్తిచ్చి నాలుగు పళ్ళు తీస్తారు. పిల్ల ఏమీ తినకూడదు.

"ఇంకా తినలేదండీ, వచ్చేస్తున్నాం," అని ఫోన్ పెట్టేసి, రీపెకా బల్ల మీది కాగితం చూసింది. "అమ్మా, ఇవాళ కూడా దీనికే వెళ్తావా?"

"మాటిచ్చానే."

"దీని నోట్లో నాలుగు పళ్ళు పుచ్చాయి. నువ్వేమో అక్కడికెళ్ళి వద్దని చెప్తావు!"

"పుచ్చింది నీళ్ళ వల్లా? నువ్వు సీసాలో పోసిచ్చే ఆ ఎర్ర షర్బత్ వల్లా?"

"ఆహా! మరి నీ డబ్బాలో తీపి బిస్కెట్లు? అవి ఎలుకలు తింటున్నాయా?"

కహు నవ్వబోయి, అబ్బా అని బుగ్గ పట్టుకుంది.

నైరీ గొంతు తగ్గింది. "రోడ్డేసేటప్పుడు ఈ సర్కారు వాళ్ళు మీ తాత భూమి అడక్కుండా తీసుకున్నారు. ఏరు అడక్కుండా మళ్ళించారు. ఇప్పుడు నీళ్ళు. ఒక్కసారైనా మన గడప తొక్కి అడగొచ్చు కదే?"

"అడగాల్సిందే. నేను కాదన్నానా? కానీ వాళ్ళు అడిగేదాకా ఆ పుచ్చు ఆగదు కదమ్మా."

నైరీ కోటు తొడుక్కుని వెళ్ళి కార్లో కూర్చుంది.

"మరి సభ?"

"మనవరాలి కంటే సభ ఎక్కువా? నడుపు."

ఆస్పత్రిలో కహు మంచం కడ్డీని గట్టిగా పట్టుకుని వదల్లేదు. నర్సు బుజ్జగించింది, తల్లి బతిమాలింది.

"పళ్ళు తీసేస్తే నేను ముసల్దాన్నైపోతానా అమ్మమ్మా?" అని ఏడ్చింది.

నైరీ ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పై వరస, కింది వరస రెండూ తీసి అరచేతిలో పెట్టుకుంది. రీపెకా ఉలిక్కిపడింది. అమ్మవి కట్టుడు పళ్ళని తెలుసు గానీ, నలభై ఏళ్ళలో ఆ బోసినోరు ఎన్నడూ చూడలేదు. నైరీ వాటిని గడియ పెట్టుకునే కడుక్కునేది.

"చూడు మోకో, నా చిట్టి మనవరాలా, నాకు ఒక్కటీ లేదు. నీకైతే మళ్ళీ కొత్తవి వస్తాయి. ఒక్క పన్నూ లేకుండానే పొద్దున మీ అమ్మతో పోట్లాటలో గెలిచిందెవరు?"

"నువ్వే!" కహు పకపకా నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళింది.

వరండాలో రీపెకా మెల్లిగా అడిగింది. "ఎప్పుడు పోయాయమ్మా?"

"పోలేదు, తీసేశారు. నాకు పంతొమ్మిదేళ్ళు. పెళ్ళి వారం ఉందనగా మా నాన్న తీసుకెళ్ళి అన్నీ ఒకేసారి తీయించేశాడు. నా పళ్ళ వైద్యం ఖర్చు మీ నాన్న నెత్తిన పడకూడదని. అప్పట్లో అది పెళ్ళికూతురికి కానుక. సగానికి పైగా మంచివే. నన్నెవరూ అడగలేదు."

రీపెకా ఆమె చెయ్యి పట్టుకుంది. "బాగా నొప్పేసిందా అమ్మా?"

యాభై ఏడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు కూడా. నైరీ కూతురి భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. రీపెకా కళ్ళలోంచి కూడా నీళ్ళు కారాయి.

"సభ అయిపోయుంటుంది," అంది రీపెకా చాలాసేపటికి.

"శుక్రవారం ఇంకోటుంది. వెళ్తాను."

"ఏం చెప్తావు?"

"మా గడపకొచ్చి అడగనిదే మా నీళ్ళలో ఏదీ కలపొద్దంటాను." నైరీ కళ్ళు తుడుచుకుంది. "అడిగితే మాత్రం, కలపమంటాను."

నర్సు తలుపు తీసి పిలిచింది. తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు వదలకుండానే లోపలికి నడిచారు.